తోతాపురి మామిడికి కిలోకి 4 రూపాయల సాయం: రైతుకి చేరిందా, కొనేవాడికి చేరిందా?

పూతలపట్టు_తోట
2025 సీజన్లో మన చిత్తూరు తోతాపురికి సర్కారు చెప్పిన లెక్క అందరికీ తెలిసిందే. గుజ్జు ఫ్యాక్టరీ కిలోకి 8 ఇయ్యాల, సర్కారు 4 కలుపుతాది, రైతుకి 12 పడతాది. కాగితం మీద బాగానే ఉండాది. ర్యాంపు (ఫ్యాక్టరీలకి కాయ కొనే యార్డు) కాడికి పోతే 8 అన్నోడు లేడు. 5 అనో 6 అనో చెప్పి, "సర్కారు 4 ఏస్తాది కదప్పా, నీకేం నష్టం" అన్నారని శానామంది రైతులు చెప్తా ఉండారు.

నేను అడిగేది ఒగటే. ధర పడిపోయినప్పుడు రైతు ఖాతాలో డబ్బులేసే పద్ధతి అసలు పని చేస్తాదా? మన మాదిరి దేశాల్లో ఇంకా యాడన్నా చేసి చూసినారా? చేసుంటే యాడ దెబ్బతినింది? తెలిసినోళ్ళు లెక్కలతో చెప్పండి. పార్టీల గొడవ ఈడ వద్దు.

యాదమరి_1982
పని చెయ్యదు. 8కి తక్కువ కొంటే కేసు పెడతామని చట్టం తేవాల. అంతకంటే వేరే దారి లేదు.

దామలచెరువు_మండీ
> 8కి తక్కువ కొంటే కేసు

కేసంటే కొనడమే నిలిపేస్తాడన్నా. పక్వానికి వచ్చిన కాయ చెట్టు మీద ఎన్నాళ్ళు ఆగతాది? వానొస్తే రాలిపోతాది, ఈగ కొడతాది. కొనేవాడు పది రోజులు గేటు మూసుకుంటే 8 అడిగే రైతే 4కి ఇచ్చేసి పోతాడు. బంగినపల్లి అయితే హైదరాబాదుకో చెన్నైకో ఎత్తొచ్చు. తోతాపురిని తినే కాయగా కొనేది తక్కువ, ఊరగాయకి పోయేది ఇంకా తక్కువ. మిగిలినదంతా గుజ్జుకే.

గణాంకం_తిరుపతి
మండీ గారు చెప్పిందే దీనికి మూలం. సాయం ఎవరి పేరున ఇచ్చారన్నది వేరు, చివరికి ఎవరి జేబులో నిలిచిందన్నది వేరు. బేరంలో ఆగలేనివాడు ఎవరో వాళ్ళ చేతిలోంచే డబ్బు జారిపోతుంది. ఇక్కడ ఆగలేనిది రైతు. కాయ కుళ్ళుతుంది, కొనేవాళ్ళు కొద్దిమంది, రైతుకి 4 రూపాయలు వస్తాయని కొనేవాడికి ముందే తెలుసు. ఈ మూడూ ఒకచోట చేరితే ఆ 4లో కొంత భాగం ఫ్యాక్టరీ ధర తగ్గడానికే పోతుంది.

దేశంలోనే జరిగింది చూడండి. మధ్యప్రదేశ్‌లో 2017 అక్టోబర్ 16న భావాంతర్ భుగ్తాన్ యోజన మొదలైంది. సోయాబీన్, మినుము వగైరా 8 ఖరీఫ్ పంటలు. మద్దతు ధరకీ మార్కెట్ సగటు ధరకీ ఉన్న తేడా రైతు ఖాతాలో వేస్తామన్నారు. ఎప్పుడు అమ్మినా సరే అనలేదు, గడువు పెట్టారు. ఆ గడువులోనే అమ్మాలని అందరూ ఒకేసారి యార్డుకి తెచ్చారు. సరుకు పోటెత్తింది, వ్యాపారులు ధర దించారు. పైగా తేడా లెక్కగట్టింది సగటు ధర మీద. సగటు కంటే తక్కువకి అమ్మిన రైతుకి ఆ లోటు ఎవరూ పూడ్చలేదు. నష్టమంతా నాణ్యత తక్కువని కోత పడిన చిన్న రైతుది.

అక్కడ సోయాబీన్ నెలలు నిల్వ ఉండే పంట. అయినా ఇలా అయింది. వారం కూడా నిలవని కాయ సంగతి వేరే చెప్పాలా?

బ్రిక్స్16
మేడమ్ చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను. 2025లో ధర పడింది చిత్తూరులో మాత్రమే కాదు. సాయం ప్రకటించని తమిళనాడు కృష్ణగిరిలోనూ పడింది, కర్ణాటకలో శ్రీనివాసపురం వైపూ పడింది. అంటే 4 రూపాయల వల్లే ఫ్యాక్టరీ ధర 5కి దిగిందనడం సరికాదు. అంతకు ముందు సీజన్ల గుజ్జు డ్రమ్ములు గోడౌన్లలో మిగిలిపోయాయి. 2023 చివర్నుంచి ఎర్ర సముద్రంలో ఓడలు తిరగలేక ఆఫ్రికా చుట్టూ పోవాల్సి రావడంతో ఎగుమతి ఖర్చూ పెరిగింది. మన గుజ్జు ఎక్కువగా పోయేది సౌదీ, యెమెన్, నెదర్లాండ్స్ వైపే. 4 రూపాయలు లేకపోయినా ఫ్యాక్టరీ 5 ఇచ్చేదేమో, అప్పుడు రైతుకి 9 బదులు 5 మిగిలేది. అది కూడా చూడాలి.

ఫ్యాక్టరీ లెక్క ఎట్లుంటాదో తెలియనివాళ్ళ కోసం చెప్తా. కాయ దిగాక కడిగి, పచ్చి కాయని మాగబెట్టే గదిలో ఎథిలీన్ పట్టాలి. 100 పీపీఎం దాకా అనుమతి ఉంది, కార్బైడ్ నిషేధం. మాగిన కాయని ఏరి, తొక్క టెంక తీసి, పల్పర్లో జల్లెడ పట్టి, వేడి చేసి, చల్లార్చి, గాలి తగలకుండా అసెప్టిక్ (క్రిములు లేని) సంచిలో నింపాలి. డ్రమ్ముకి 215 కిలోలు. తొక్క, టెంక, పీచు పోగా టన్ను గుజ్జుకి దగ్గర దగ్గర 2 టన్నుల కాయ పడుతుంది. కొనడమంతా 60, 70 రోజుల్లో అయిపోవాలి, అమ్మడం మాత్రం ఏడాది, ఏడాదిన్నర సాగుతుంది. టన్ను గుజ్జు తయారీకి 45,000 అయ్యిందనుకోండి, 12% వడ్డీకి ఏడాది నిల్వ ఉంటే 5,400 వడ్డీకే పోతుంది. పాత డ్రమ్ములు కదలకపోతే బ్యాంకు కొత్త సీజన్‌కి డబ్బు ఇవ్వదు. అప్పుడు ఫ్యాక్టరీ చేసే మొదటి పని కాయ ధర కొయ్యడం.

గణాంకం_తిరుపతి
@బ్రిక్స్16 మీరన్నది న్యాయమైన మాట. సాయం లేని కృష్ణగిరిలోనూ సాయం ఉన్న బంగారుపాళ్యంలోనూ ఒకే రోజు ర్యాంపు ధర ఎంతో పోల్చి చూస్తేనే 4లో ఎంత జారిందో తెలుస్తుంది. దానికి ప్రతి ర్యాంపు ధరనీ రోజూ సాయంత్రానికి బయటపెట్టే ఏర్పాటు కావాలి. సాయం ప్రకటించే రోజే ఇదీ ప్రకటించాలి, తర్వాత అడిగితే ఎవరి దగ్గరా రికార్డు ఉండదు.

యాదమరి_1982
ఇదంతా ఎందుకు, సర్కారే కొని గుజ్జు చేసి పెట్టుకోవచ్చు కదా. ధర వచ్చినప్పుడు అమ్ముకోవచ్చు.

బ్రిక్స్16
లెక్కేద్దాం అన్నా. లక్ష టన్నుల కాయంటే 50,000 టన్నుల గుజ్జు. 215 కిలోల చొప్పున 2.3 లక్షల డ్రమ్ములు. గుజ్జు 18 నుంచి 24 నెలలు నిలుస్తుంది, కానీ రోజులు గడిచే కొద్దీ రంగు ముదురుతుంది, రుచి తగ్గుతుంది. పానీయాల కంపెనీ వాళ్ళు తయారీ తేదీ చూసే బేరం చేస్తారు. సర్కారు దగ్గర అంత నిల్వ ఉందని తెలిసిన రోజే వచ్చే సీజన్ ధర కూడా పడిపోతుంది.

గణాంకం_తిరుపతి
థాయ్‌లాండ్‌లో ఇదే చేశారు. 2011లో వరి ధాన్యాన్ని టన్నుకి 15,000 బాత్‌లకి సర్కారు తీసుకుంది, అది అప్పటి మార్కెట్ ధర కంటే చాలా ఎక్కువ. నిల్వ పెట్టి ప్రపంచ ధర పెరిగాక అమ్మాలన్నది ఆలోచన. అదే ఏడాది మన దేశం సాధారణ బియ్యం ఎగుమతిపై నిషేధం ఎత్తేసింది, వియత్నాం కూడా అమ్ముతూనే ఉంది. ధర పెరగలేదు. 2012లో థాయ్‌లాండ్ ఎగుమతుల్లో మొదటి స్థానం పోగొట్టుకుంది, గోదాముల్లో బియ్యం పాడైంది, రైతులకి నెలల తరబడి డబ్బు అందక 2014లో పథకం ఆగిపోయింది. మార్కెట్లో మనం ఒక్కరమే అమ్మేవాళ్ళం కానప్పుడు సరుకు దాచిపెట్టి ధర పెంచలేం.

కొమ్మంటు
సరుకు ఇంత ఎందుకు పెరిగిందో ఎవరూ మాట్లాడ్డం లేదు. చెరకు పోయింది, వేరుశనగ పోయింది, బోర్లు 1000 అడుగులకి దిగాయి, కూలీలు దొరకడం లేదు. ఉన్నవాటిలో తక్కువ నీళ్ళతో నిలబడేది మామిడే. ఉపాధి హామీ కింద 5 ఎకరాల లోపు చిన్న రైతు మెట్ట భూమిలో గుంత తవ్వకం, మొక్క, మూడేళ్ళ నీళ్ళు అన్నీ సర్కారే భరించి తోటలు పెట్టించింది. మంచి పథకమే, కాదనను. కానీ ఏ రకం పెట్టాలి, నాలుగైదేళ్ళకి ఆ కాయ ఎవరు కొంటారు అన్నది అందులో లేదు. తోతాపురి ఏడాది విడిచి ఏడాది కాదు, ప్రతి ఏడూ కాస్తుంది, తొక్క మందం, లారీలో నలగదు. అందుకని అందరూ అదే పెట్టారు. ఒక శాఖ చెట్లు పెంచింది, ఇంకో శాఖ ఇప్పుడు ఆ కాయకి సాయం ఇస్తోంది.

పూతలపట్టు_తోట
@కొమ్మంటు అంటే చెట్లు కొట్టెయ్యమంటారా సామీ?

కొమ్మంటు
కొట్టెయ్యొద్దు, రకం మార్చొచ్చు. ముదురు తోతాపురి చెట్టుని నేల నుంచి మూడు నాలుగడుగుల ఎత్తులో కోసి, కోత మీద కాపర్ ఆక్సీక్లోరైడ్ పేస్టు పూయాలి. పూయకపోతే కాండం తొలిచే పురుగు దిగుతుంది, చెట్టే పోతుంది. చిగుర్లు బోలెడు వస్తాయి, బయటి వైపుకి ఎదిగే గట్టివి ఎనిమిదో పదో ఉంచి మిగిలినవి తీసెయ్యాలి. అవి పెన్సిలు మందం అయ్యాక జూన్, ఆగస్టు మధ్య తేమ ఉన్నప్పుడు కావలసిన రకం పుల్లతో అంటు కట్టాలి. అంటు కింద నుంచి వచ్చే తోతాపురి చిగురుని ఎప్పటికప్పుడు గిల్లకపోతే అదే పైకెక్కి అంటుని చంపేస్తుంది. శానామంది తోటలు చెడింది ఇక్కడే. మూడో ఏట నుంచి కాపు.

తోట మొత్తం ఒకేసారి చెయ్యొద్దు. మూడో వంతు చొప్పున చేస్తే మిగిలిన చెట్ల రాబడి ఇంటికి నిలుస్తుంది. విధానం మాట చెప్పాలంటే, ఈ మూడేళ్ళ ఖాళీకి ఎకరానికి ఇంతని సాయం ఇవ్వడం కిలోకి 4 ఇవ్వడం కంటే మేలు. ఇది ఒక్కసారి ఇచ్చేది, అది ప్రతి ఏడూ ఇవ్వాల్సినది.

దామలచెరువు_మండీ
అందరూ బంగినపల్లికి మారితే దాని ధర పడతాది. టమాటాలో చూస్తానే ఉండాము కదా, ఒగ ఏడు రోడ్డు మీద పారబోత, మరు ఏడు కొనలేని ధర. దాని మీద 2018 కేంద్ర బడ్జెట్లో ఆపరేషన్ గ్రీన్స్ అని టమాటా, ఉల్లి, ఆలుకి 500 కోట్లు పెట్టినారు. మదనపల్లెలో ధర ఆగినాదా?

కొమ్మంటు
అందుకే మూడో వంతు అన్నా. ఒకే రకానికి మారమనలేదు.

గుడిపాల_గుత్త
ఈడ ఎవురూ చెప్పని సంగతి ఒగటి ఉండాది. తోటల్లో సగం గుత్తకి పోతాయి. పూత మీదనే డబ్బులిచ్చేసి, మందులు కొట్టి, కాపలా పెట్టి, కోసి, ర్యాంపుకి తోలేది గుత్తదారుడు. ధర పడితే మునిగేది వాడే. సర్కారు 4 పడింది మాత్రం పట్టాదారు ఖాతాలో. రైతుకి గుత్త డబ్బూ అందె, సాయమూ అందె. ఇదేం న్యాయం?

యాదమరి_1982
గుత్తదారుడు వ్యాపారి. లాభమొచ్చిన ఏడు రైతుకి పంచినాడా?

గుడిపాల_గుత్త
పెద్ద వ్యాపారులు వేరు అన్నా. రెండెకరాలు, మూడెకరాలు గుత్తకి తీసుకునే భూమి లేని కుటుంబాలు ఎన్ని లేవు? పూత మీద అప్పు చేసి పెట్టినోడికి అది పెట్టుబడే కదా.

గణాంకం_తిరుపతి
ఇద్దరి మాటలోనూ నిజముంది, కానీ సూత్రం ఒకటి పెట్టుకోవచ్చు: ఆ సీజన్ ధర నష్టం ఎవరు మోస్తున్నారో సాయం వాళ్ళకి. తెలంగాణలో 2018లో రైతుబంధు ఎకరానికి సీజన్‌కి 4,000తో మొదలైంది, పట్టాదారు పాసుబుక్కే ఆధారం. సొంత భూమి ఉన్నవాళ్ళకి త్వరగా, దళారీ లేకుండా అందింది. కౌలుదారుకి మాత్రం రాలేదు. భూమి కాగితం ఆధారంగా ఇచ్చే ప్రతి సాయానికీ ఈ చిక్కు ఉంటుంది. బ్రెజిల్ అయినా, బంగ్లాదేశ్ అయినా, రికార్డులో లేని సాగుదారుడిని వెతకడమే కష్టమైన పని.

ఆర్‌ఎస్‌కే_డెస్క్
కౌలు సంగతికి మన రాష్ట్రంలో దారి ఉంది. 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం, అదే సీసీఆర్‌సీ, 11 నెలలకి ఇస్తారు. భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే రాసి ఉంది. అయినా యజమాని సంతకం పెట్టడానికి భయపడతాడు. ఆ సంతకం లేనిదే కార్డు లేదు, కార్డు లేనిదే సర్కారు పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో సాగుదారు పేరు ఎక్కదు, పేరు ఎక్కనిదే డబ్బు పడదు. పూత గుత్తకి అయితే చాలాసార్లు తెల్లకాగితం మీద నోటిమాట ఒప్పందమే ఉంటుంది.

డబ్బు ఆగిపోవడానికి రోజూ కనబడే కారణాలు ఇవి. ఈ-క్రాప్‌లో సర్వే నంబరు ఒకరిది, కాటా చీటీ మీద పేరు ఇంకొకరిది. తండ్రి చనిపోయినా పాసుబుక్కు ఆయన పేరునే ఉంటుంది. ఆధార్ లింకు ఉంది కానీ సర్కారు డబ్బు ఏ ఖాతాలో పడాలో చూపే ఎన్‌పీసీఐ మ్యాపింగ్ ఎప్పుడో వదిలేసిన పాత బ్యాంకు ఖాతాకి ఉంటుంది, డబ్బు అందులోకి పోతుంది లేదా తిరిగి వెళ్తుంది. ఈ చివరిది సీజన్‌కి ముందే బ్యాంకులో అడిగి సరిచేసుకోవచ్చు. ఆధార్ లింకు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ రెండూ వేర్వేరు అని గట్టిగా చెప్పండి అందరికీ.

షిఫ్ట్‌బస్సు
రైతు, గుత్తదారు, ఫ్యాక్టరీ అయ్యాయి. లోపల కాయ ఏరే ఆడవాళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. సీజన్ 60, 70 రోజులు. జీతంలోంచి కార్మికుల బీమా ఈఎస్‌ఐకి 0.75% కోస్తారు. జబ్బు చేస్తే వచ్చే నగదు సాయానికి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. సీజనే అన్ని రోజులు లేదు. చందా కట్టినా సాయం అందని ఏర్పాటు ఇది. ధర పడిన ఏడాది ఫ్యాక్టరీలు షిఫ్టులు తగ్గిస్తే ముందు పోయేది వీళ్ళ కూలే, దానికి ఏ పథకంలోనూ లెక్క లేదు.

గణాంకం_తిరుపతి
@షిఫ్ట్‌బస్సు సీజన్ పరిశ్రమకి ఏడాది మొత్తం నడిచే ఫ్యాక్టరీ నిబంధన పెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. 78 రోజుల నిబంధనని సీజన్‌లో ఎన్ని రోజులు పని నడిచిందో దాని నిష్పత్తిలోకి మార్చడం ఒక దారి. సాయం పడే కాయ కొనే ప్రతి ఫ్యాక్టరీ తన కూలీల హాజరు కూడా ర్యాంపు ధరలు బయటపెట్టే చోటే పెట్టాలని షరతు పెట్టవచ్చు.

పాకాల_పోస్టు
మధ్యాహ్న భోజనంలో మామిడి జ్యూసు ఇస్తే? పిల్లలకీ మంచిది, గుజ్జూ కదులుతుంది.

బ్రిక్స్16
30 లక్షల మంది పిల్లలు అనుకుందాం. తలా 100 మిల్లీలీటర్లు, అందులో 15 గ్రాముల గుజ్జు. రోజుకి 45 టన్నులు. 100 రోజులిస్తే 4,500 టన్నుల గుజ్జు, అంటే 9,000 టన్నుల కాయ. చిత్తూరు చుట్టుపక్కల జిల్లాల తోతాపురి దిగుబడి 6.5 లక్షల టన్నులు అనుకుంటే ఒకటిన్నర శాతం కూడా కాదు.

పాకాల_పోస్టు
ఇంత తక్కువ అవుతుందనుకోలేదు.

షిఫ్ట్‌బస్సు
పైగా అందులో ఎక్కువ చక్కెర నీళ్ళే. పిల్లలకి రాగి జావ, గుడ్డు ఇస్తున్నారు, వాటినే సరిగా ఇవ్వనీ.

పూతలపట్టు_తోట
జ్యూసు మాట వచ్చింది కాబట్టి అడుగుతా. సీసా జ్యూసు లీటరు అంత ధర పెట్టి కొంటాము. అందులో రైతు కాయ ఎంత ఉంటాది?

గణాంకం_తిరుపతి
ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నిబంధన ప్రకారం ఫ్రూట్ డ్రింక్ అని అమ్మాలంటే పండు కనీసం 10% ఉంటే చాలు. లీటరులో 100 గ్రాముల గుజ్జు, దానికి 200 గ్రాముల కాయ. కాయ కిలో 8 అయితే 1 రూపాయి 60 పైసలు. 12 అయితే 2 రూపాయలు 40 పైసలు. అంటే రైతు అడిగే ఆ 4 రూపాయలు లీటరు మీద 80 పైసలు. సీసాలో 20% పండు వేసినా 1 రూపాయి 60 పైసలు. దీన్ని ఖజానా నుంచి ఇస్తున్నాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి పండ్ల రసం పానీయాల మీద జీఎస్‌టీ 12 నుంచి 5%కి తగ్గింది కూడా. ఆ తగ్గిన 7%లో కాయ ధరకి వచ్చేలా ఏమీ రాసుకోలేదు.

బ్రిక్స్16
మేడమ్, చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీ వేరు, సీసా నింపే కంపెనీ వేరు. మావాళ్ళు కూడా వాళ్ళ ముందు చెయ్యి చాపేవాళ్ళే. పెద్ద కంపెనీ కొనుగోలు ఆర్డరు ఆలస్యం చేస్తే ఇక్కడ ర్యాంపు మూసుకుంటుంది. 8 ఇవ్వమని ఫ్యాక్టరీ మీద ఒత్తిడి తెస్తారు, పైవాడిని ఎవరూ అడగరు.

గణాంకం_తిరుపతి
పైవాడిని అడిగిన చోటు ఉంది. ఘనా, కోట్ డివోర్ రెండు దేశాలు కలిసి ప్రపంచ కోకోలో సగానికి పైగా పండిస్తాయి. 2020-21 సీజన్ నుంచి కోకో కొనే కంపెనీలు టన్నుకి 400 డాలర్లు అదనంగా రైతు జీవన ఆదాయం కింద చెల్లించాలని రెండూ కలిసి నిర్ణయించాయి. కంపెనీలు సరేనన్నాయి. కానీ నాణ్యతను బట్టి ఆ దేశాల గింజలకి విడిగా ఇచ్చే ప్రీమియం ఒకటి ఉంటుంది, దాన్ని తగ్గిస్తూ సున్నా కిందకి తీసుకెళ్ళారు. ఒక చేత్తో 400 ఇచ్చి ఇంకో చేత్తో లాగేసుకున్నారు. 8+4లో జరిగిందంటున్నదీ ఇదే తీరు. ధరలో ఒక ముక్కనే గట్టిగా పట్టుకుంటే కొనేవాడు మిగతా ముక్కల్లోంచి లాక్కుంటాడు. మన దగ్గర ఆ మిగతా ముక్కలు ఏవంటే తరుగు, నాణ్యత కోత, కాటా, చెల్లింపు ఆలస్యం. ఫ్యాక్టరీ నిజంగా 8 రాసిచ్చినా 100 కిలోలకి 8 కిలోలు తరుగు తీస్తే అది 7 రూపాయల 36 పైసలే.

దామలచెరువు_మండీ
తరుగు ఊరికే తియ్యరు మేడమ్. రెండు మూడు రోజులు క్యూలో నిలబడిన ట్రాక్టర్లో అడుగు కాయ నలిగి కారిపోతా ఉంటాది.

బ్రిక్స్16
నిజం. అందుకే క్యూ సంగతి ముందు తేల్చాలి. ట్రాలీలో 5 టన్నులు, ఎండలో రెండు మూడు రోజులు. ఆవిరైన బరువు, నలిగిన కాయ కలిపి 5% పోయిందనుకుంటే 250 కిలోలు, 8 చొప్పున 2,000 రూపాయలు. కిలోకి 40 పైసలు. ట్రాక్టరు వెయిటింగు, డ్రైవరు బత్తా దీనికి అదనం. ఫ్యాక్టరీకీ నష్టమే, ఒక్కో కాయ ఒక్కోలా మాగి గుజ్జు బ్రిక్స్ (తీపి శాతం) నిలకడగా రాదు.

టోకెన్ కోత తర్వాత కాదు, కోతకి ముందు ఇవ్వాలి. ఫ్యాక్టరీ రోజుకి ఎన్ని టన్నులు ఆడగలదో ముందే రాసిస్తే, ఆ మేరకు మండలాల వారీగా తేదీలు పంచి, టోకెన్ వచ్చిన రైతే మరునాడు కోయాలి. పదో వంతు ఖాళీ పెట్టుకోవాలి, వాన పడినా మిషను ఆగినా సర్దడానికి. ఇక్కడ జరిగే తప్పు ఏంటంటే, టోకెన్లు ర్యాంపు వాళ్ళ పేరున గంపగుత్తగా పోతాయి, రైతు పేరున కాదు. ర్యాంపు దగ్గర టోకెన్ ఉంటే రైతు ధర మళ్ళీ ర్యాంపు చేతిలోనే.

యాదమరి_1982
ఇది సరైన మాట. టోకెన్ రైతు ఫోనుకే రావాల.

పూతలపట్టు_తోట
ఇంకోటి. బయట రాష్ట్రం కాయ రాకుండా జూన్లో చెక్‌పోస్టు పెట్టినారు కదా, అది మంచిదేనా?

గణాంకం_తిరుపతి
కిలోకి ఇంతని ఇచ్చే సాయంలో ఆ చెక్‌పోస్టు తప్పదు. సరిహద్దుకి అవతల 5, ఇవతల 5+4 అయితే అవతలి కాయ ఇవతలి పేరు మీద వస్తుంది. కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాసేదాకా వెళ్ళింది. కోలారు రైతుకీ కొనే ఫ్యాక్టరీ మనదే, అతని పొట్ట కొట్టినట్టయింది. తర్వాత కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద రెండు రాష్ట్రాలకీ ధర తేడా చెల్లింపు ఒప్పుకుంది. ఏపీకి 1.62 లక్షల టన్నుల వరకు, క్వింటాలు 1,490.73 ధర మీద, ఖర్చు చెరి సగం. 6.5 లక్షల టన్నులకి కిలోకి 4 అంటే 260 కోట్లు. కేంద్రం పరిధిలోకి వచ్చింది ఆ టన్నుల్లో నాలుగో వంతు, అందులోనూ సగం ఖర్చే కేంద్రానిది, మిగిలిందంతా రాష్ట్రమే మోయాలి. ప్రతి ఏడూ మోయగలదా అన్నది అసలు ప్రశ్న.

చెక్‌పోస్టు అక్కర్లేని పద్ధతి ఏంటంటే ఈ-క్రాప్‌లో ఉన్న ఎకరాలకి ఒక గరిష్ఠ దిగుబడి కట్టి, అంతవరకే కిలోల మీద ఇవ్వడం. మూడెకరాల పేరున 40 టన్నుల చీటీలు వస్తే సిస్టమే ఆపేస్తుంది.

ఆర్‌ఎస్‌కే_డెస్క్
గరిష్ఠ దిగుబడి మండలానికి ఒకటి పెట్టొద్దు. డ్రిప్ ఉన్న దట్టపు తోటకీ వర్షాధారానికీ తేడా ఉంటుంది. 10 మీటర్ల దూరంలో పెట్టిన తోటలో ఎకరానికి 40 చెట్లు, 5 మీటర్లయితే 160. ఈ-క్రాప్‌లో చెట్ల సంఖ్య, వయసు కూడా ఎక్కించాలి, లేకపోతే బాగా పండించినవాడే నష్టపోతాడు.

గుడిపాల_గుత్త
గుత్తదారు సంగతి మళ్ళీ వదిలేసినారు.

గణాంకం_తిరుపతి
వదల్లేదు. సీసీఆర్‌సీ కుదరని పూత గుత్తకి ఒక పేజీ ఒప్పందం నమూనా రైతు సేవా కేంద్రం, అదే ఆర్‌ఎస్‌కేలో ఉంచితే చాలు. అందులో "ఈ సీజన్‌లో ధర సాయం వస్తే ఎవరికి ఎంత" అనే గడి ఒకటి. సగం సగమో, 70-30నో వాళ్ళే నింపుకుంటారు. సర్కారు ఆ నిష్పత్తిలో రెండు ఖాతాలకి వేస్తుంది. భూమి హక్కు మాట లేదు కాబట్టి యజమానికీ భయం ఉండదు.

గుడిపాల_గుత్త
అట్లయితే మాకు సమ్మతమే. పూత రాకముందే, డిసెంబరు లోపల ఆ కాగితం రావాల. గుత్తలు కుదిరేది అప్పుడే.

పూతలపట్టు_తోట
సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తాము. ఇప్పటికి రాసుకున్నవి: రోజూ ర్యాంపు ధర బయటపెట్టడం, టోకెన్ రైతు ఫోనుకి, తరుగుకి హద్దు, గుత్త కాగితం నమూనా, రకం మార్చే తోటకి మూడేళ్ళ సాయం, ఆడకూలీల ఈఎస్‌ఐ. 12 ఇయ్యాలని మాత్రం మొదట్లోనే రాస్తాము, అది వదిలేది లేదు.

బ్రిక్స్16
తరుగుకి హద్దు అని వదిలెయ్యొద్దు. టోకెన్ టైముకీ కాటా టైముకీ మధ్య 12 గంటలు దాటితే తరుగు తియ్యకూడదు అని రాయండి. ఆలస్యం ఫ్యాక్టరీదైతే నష్టం రైతు మీద పడకూడదు. రెండు టైములూ చీటీ మీద ప్రింటు కావాలి, చేత్తో రాసింది చెల్లదు.

ఆర్‌ఎస్‌కే_డెస్క్
ఈఎస్‌ఐ జిల్లా పరిధిలో తేలేది కాదు, దానికి విడిగా అర్జీ పెట్టండి, కలిపితే మొత్తం ఫైలు కార్మిక శాఖకి పోయి కూర్చుంటుంది. అర్జీకి జతగా కనీసం కొందరు రైతుల కాటా చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్ జిరాక్సులు పెట్టండి. చీటీ మీద బండి నంబరు, మొత్తం బరువు, ఖాళీ బండి బరువు, నికర బరువు నాలుగూ కనబడాలి. ఖాళీ బండి బరువు లేని చీటీ తెస్తే వెనక్కి పంపుతారు.

పూతలపట్టు_తోట
మా దగ్గరున్న చీటీల్లో సగానికి ఖాళీ బండి బరువు లేదు. ఉన్నోళ్ళు బంగారుపాళ్యం, తవణంపల్లె, ఐరాల వైపు నుంచి ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి.

దామలచెరువు_మండీ
మా కాటా రిజిస్టర్లో ఉంటాది. బండి నంబరు, తేదీ చెప్తే తీసిస్తాము.